అవిల్ ముందు, అడ్రినలిన్ 12 నిమిషాల తర్వాత: ఒక సెఫ్ట్రియాక్సోన్ అనాఫిలాక్సిస్ కేస్ స్టడీ

అనాఫిలాక్సిస్ అంటే నిమిషాల్లో ఒళ్లంతటినీ కమ్మేసి ప్రాణం తీయగల తీవ్ర అలెర్జీ. ఇక్కడ దాన్ని తెచ్చింది సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. ఇది ఒక్క రోగి కేసు కాదు. మండల స్థాయి నర్సింగ్ హోముల నుంచి రిఫర్ అయ్యే కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పొప్పులను ఒకే రోగిలో కూర్చి, బోధన కోసం రాసినది. సమయాలు, రోగి అంకెలు కూర్చినవే. మోతాదులు, పలుచన చేసే పద్ధతులు మాత్రం రోజూ వైద్యంలో వాడుతున్నవి.

రోగి, వేసిన ఇంజెక్షన్లు

42 ఏళ్ల తాపీ మేస్త్రీ, బరువు 68 కిలోలు. బీపీకి రెండేళ్లుగా రోజూ అటెనలాల్ 50 మి.గ్రా. వాడుతున్నారు. మూడు రోజులుగా జ్వరం, దగ్గు, గొంతు నొప్పి. ముందు రోజు రాత్రి మందుల షాపులో జలుబు మాత్ర కొని వేసుకున్నారు. అందులో పారాసెటమాల్‌తో పాటు క్లోర్‌ఫెనిరమిన్ అనే అలెర్జీ మందు కూడా ఉంది. ఆ మాత్ర గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఉదయం 10:40కి పిరుదు కండలో డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. వేశారు. అదే సమయంలో ముంజేతి చర్మంలో సెఫ్ట్రియాక్సోన్ ‘టెస్ట్ డోస్’ ఇచ్చారు. పదిహేను నిమిషాలకు సిస్టర్ చూశారు, ఉబ్బు ఏమీ లేదు. 11:05కి సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రామును 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌లో కలిపి, నిమిషంలోపే నరంలోకి తోసేశారు. ఈ ఇంజెక్షన్‌ను కనీసం 2 నుంచి 4 నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఇవ్వాలి. అసలు మూడు రోజుల జలుబు జ్వరానికి సెఫ్ట్రియాక్సోన్ అవసరమే లేదు. మందు అలెర్జీలు ఇలా అక్కర్లేని మందుతోనూ మొదలవుతాయి.

నిమిషాల లెక్క

11:07. అరచేతులు, అరికాళ్లలో దురద, వరుస తుమ్ములు. ముఖం ఎర్రబడింది, ఒంటి మీద దద్దుర్లు. ‘గొంతు పట్టేసినట్టుంది’ అన్నారు.

11:09. అలెర్జీ మందు ఫెనిరమిన్ 2 మి.లీ., అంటే వాడుకలో అవిల్, 45.5 మి.గ్రా. నరంలోకి. వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా., ఆపై డెక్సామెథాసోన్, రెండూ స్టెరాయిడ్లే. రోగి కుర్చీలోనే కూర్చుని ఉన్నారు.

11:14. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఒక వాంతి. బాత్రూమ్‌కు వెళ్లాలని లేచి, రెండు అడుగులు వేసి పడిపోయారు. పై బీపీ 60, పల్స్ 64, ఆక్సిజన్ శాతం 86. రెండు ఊపిరితిత్తుల్లోనూ పిల్లికూతలు.

పల్స్ 64 చూసి ‘సూది భయంతో కళ్లు తిరిగాయి’ అని ముందు అనుకున్నారు. అనాఫిలాక్సిస్‌లో పల్స్ వేగంగా ఉంటుందన్నది పుస్తకంలోని మాట. అటెనలాల్ వేసుకునే వ్యక్తి గుండె అలా పరుగెత్తలేదు. భయంతో కళ్లు తిరిగిన మనిషికి దద్దుర్లు రావు, పిల్లికూతలు రావు, పడుకోబెట్టగానే రంగు తిరిగి వస్తుంది. ఈయనకు రాలేదు.

11:17. సెలైన్ కోసం కంగారులో ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్) బాటిల్ అందుకున్నారు. సిస్టర్ ఆపి నార్మల్ సెలైన్ పెట్టారు. సెఫ్ట్రియాక్సోన్ వెళ్లిన లైన్‌లో కాల్షియం ఉన్న ఆర్ఎల్ ఎక్కిస్తే రెండూ కలిసి గడ్డకట్టినట్టు తరకలు పడతాయి. ఆ గడబిడలో ఆ జాగ్రత్త గుర్తుండటం మెచ్చుకోవాల్సిందే.

11:19. అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ బయటి వైపు మధ్య కండలో. మొదటి లక్షణం నుంచి 12 నిమిషాలు.

11:24. రెండో డోస్, మళ్లీ 0.5 మి.గ్రా. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టారు. ఆక్సిజన్ మాస్కుతో నిమిషానికి 12 లీటర్లు. నార్మల్ సెలైన్ 1 లీటరు, బాటిల్ నొక్కుతూ పదిహేను నిమిషాల్లో ఎక్కించారు. సాల్బుటమాల్ నెబులైజర్.

11:30. పై బీపీ 78. పిల్లికూతలు తగ్గాయి, పోలేదు. రెండు డోసుల తర్వాత కూడా బీపీ కుదుటపడలేదు కాబట్టి అడ్రినలిన్ డ్రిప్ మొదలైంది. 11:50కి పై బీపీ 98. డ్రిప్ నడుస్తుండగానే 108లో ఏరియా ఆసుపత్రికి.

ఆ పన్నెండు నిమిషాలు ఎక్కడ పోయాయి

అడ్రినలిన్ గదిలోనే ఉంది. ట్రే కింద అరలో రెండు ఆంపుల్స్. కొరత మందుది కాదు, వరుసది. దద్దుర్లు కనిపించగానే చేయి అవిల్ వైపు వెళ్లడం చాలా చోట్ల ఒంటబట్టిన అలవాటు. తేలికపాటి దద్దుర్లు దాంతో తగ్గుతాయి కాబట్టి ఆ అలవాటు ఏళ్ల తరబడి బలపడింది.

అవిల్ ఆపేది హిస్టమిన్ అనే అలెర్జీ రసాయనం చేసే పనిలో ఒక భాగాన్ని మాత్రమే. అదీ ముఖ్యంగా దురదను, దద్దుర్లను. అలెర్జీ రసాయనాలను నిల్వ ఉంచుకునే మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్‌తో పాటు ల్యూకోట్రయీన్లు, ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ లాంటివి కూడా పొంగుతాయి. అవిల్ వాటి జోలికి పోదు. పడిపోయిన బీపీని లేపదు, వాచిన గొంతును దించదు. నరంలోకి గబగబా ఇస్తే బీపీని ఇంకాస్త దించగలదు. హైడ్రోకార్టిసోన్ పని కనిపించడానికి గంటలు పడుతుంది. ఈ రోగికి ఉన్నది నిమిషాలు.

అడ్రినలిన్ ఒక్కటే అన్ని వైపులా పని చేస్తుంది. వెడల్పైన రక్తనాళాలను బిగిస్తుంది, గొంతు వాపు దించుతుంది, గుండె బలం పెంచుతుంది, శ్వాసనాళాలు తెరుస్తుంది, మాస్ట్ కణాల నుంచి ఇంకా బయటికి రావాల్సిన సరుకును ఆపుతుంది. తీవ్రమైన అనాఫిలాక్సిస్‌లో పది నిమిషాల్లోనే రక్తనాళాల్లోని ద్రవంలో మూడో వంతు దాకా బయటికి కారిపోగలదు. లీటరు సెలైన్ ఎందుకు పట్టిందంటే అందుకే.

అదే కారణంతో లేచి నిలబడటం ప్రాణాంతకం. కాళ్లలోకి జారిన రక్తం గుండెకు తిరిగి రాదు, ఖాళీ గుండె కొట్టుకుంటూనే ఆగిపోతుంది. బాత్రూమ్‌కు పోవాలన్న తొందర, ప్రాణం పోతోందన్న భయం ఈ ప్రమాదంలో భాగమే కాబట్టి రోగి లేస్తానంటే లేవనివ్వకూడదు, బెడ్‌పాన్ పెట్టాలి. ఊపిరి బాగా ఆడకపోతే కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. గర్భిణి అయితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

చర్మం మీద దద్దుర్లు వచ్చేదాకా ఆగడం మరో తప్పు. మందు పడిన కొద్ది నిమిషాల్లో బీపీ పడిపోయినా, పిల్లికూతలు వచ్చినా, గొంతు బొంగురుపోయి మింగుడు పడకపోయినా, చర్మం మామూలుగానే ఉన్నా అనాఫిలాక్సిస్ అనుకునే వైద్యం మొదలుపెట్టాలి. అనుమానంతో కండలో వేసిన ఒక డోస్ అడ్రినలిన్ వల్ల ఆరోగ్యవంతుడికి కలిగే ఇబ్బంది కాసేపు గుండెదడ, చేతుల వణుకు. వేయకపోతే జరిగేది పైన చూశాం.

ఆంపుల్, సూది, చోటు

మన దగ్గర దొరికే అడ్రినలిన్ ఆంపుల్‌లో 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉంటుంది. పన్నెండేళ్లు దాటినవారికి 0.5 మి.లీ. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 0.3 మి.లీ. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు 0.15 మి.లీ. దేన్నీ కలపక్కర్లేదు, పలుచన చేయక్కర్లేదు. ఐదు నిమిషాలకు మార్పు లేకపోతే మళ్లీ అంతే.

సిరంజి 1 మి.లీ.ది అయితే 0.15 కూడా తేడా లేకుండా వస్తుంది. 5 మి.లీ. సిరంజిలో కంటి లెక్క కుదరదు. సూది 23 గేజ్, 25 మి.మీ. పొడవు, బాగా లావున్నవారికి 38 మి.మీ. ఇన్సులిన్ సిరంజితో వేయకూడదు. దాని సూది పొట్టిది, కండ దాకా చేరదు. పైగా 40 యూనిట్ల సిరంజిలో 0.5 మి.లీ. అంటే 20 గీత. తొందరలో ‘50’ కోసం వెతికేవారు ఉన్నారు.

చోటు తొడే. ప్యాంటు పైనుంచైనా వేయవచ్చు. పిల్లల్లో చేసిన కొలతల్లో తొడ కండలో వేస్తే రక్తంలో గరిష్ఠ స్థాయికి సుమారు 8 నిమిషాలు, చర్మం కింద వేస్తే సగటున 34 నిమిషాలు పట్టాయి. అనాఫిలాక్సిస్‌లో చర్మం కింద వేయడం అంటే వేయకపోవడానికి దగ్గర.

మొత్తం ఆంపుల్‌ను నరంలోకి తోసేయడం ఇంకో చివర. అది గుండె ఆగినప్పుడు ఇచ్చే మోతాదు. కొట్టుకుంటున్న గుండెకు ఇస్తే లయ తప్పుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. ఇలాంటి ఒక్క ఘటన చూసిన సిబ్బంది ఆ తర్వాత అడ్రినలిన్ అంటేనే జంకుతారు, మళ్లీ అవిల్ దగ్గరికే వెళ్తారు. తప్పు మందుది కాదు, దారిది.

ఇన్‌ఫ్యూజన్ పంప్ లేని చోట డ్రిప్

ఈ నర్సింగ్ హోములో పంప్ లేదు. 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో 1 మి.గ్రా. అడ్రినలిన్ కలిపితే మి.లీ.కి 10 మైక్రోగ్రాములు. మొదలు కిలోకు గంటకు 0.5 మి.లీ. అంటే ఈ రోగికి గంటకు 34 మి.లీ. మైక్రోడ్రిప్ సెట్‌లో 60 చుక్కలు 1 మి.లీ. కాబట్టి గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు: నిమిషానికి 34. బీపీని చూస్తూ 68 చుక్కల దాకా పెంచే వీలుంది. మామూలు సెట్‌తో ఈ పని చేయకూడదు. చుక్క మూడు నాలుగు రెట్లు పెద్దది. ఈసీజీ మానిటర్ పెట్టి, ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తూ, వేరే లైన్‌లో నడపాలి. డ్రిప్ సిద్ధమయ్యేదాకా ఐదు నిమిషాలకోసారి కండలో డోసులు ఆపకూడదు.

అటెనలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె మీద అడ్రినలిన్ పనిని అడ్డుకునే మందు) వాడేవారిలో అడ్రినలిన్ సగం తలుపులు మూసి ఉన్న ఇంట్లోకి వచ్చినట్టే. అప్పుడు గ్లూకగాన్ 1 నుంచి 2 మి.గ్రా. నరంలోకి ఐదు నిమిషాల పాటు నెమ్మదిగా ఇస్తే వేరే దారిలో గుండెను లేపుతుంది. వాంతి అవుతుంది కాబట్టి తల పక్కకు తిప్పి ఉంచాలి. ఇక్కడ గ్లూకగాన్ లేదు, అదృష్టవశాత్తు డ్రిప్‌తోనే సరిపోయింది.

ఏరియా ఆసుపత్రిలో

12:20కి సీరం ట్రిప్టేజ్ కోసం రక్తం తీశారు. మాస్ట్ కణాలు పగిలినప్పుడు రక్తంలో పెరిగే పదార్థం అది. రియాక్షన్ మొదలైన గంట, గంటన్నరకు తీస్తే మంచిది, నాలుగు గంటలు దాటితే విలువ తగ్గుతుంది. పరీక్ష పెద్ద ల్యాబుల్లోనే చేస్తారు. సీరం వేరుచేసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పంపినా ఫర్వాలేదు. ఫలితం 28 నానోగ్రాములు. రెండు రోజుల తర్వాత తీసిన మామూలు స్థాయి 4.6. మామూలు స్థాయిని 1.2తో గుణించి 2 కలిపితే 7.5 వస్తుంది, రియాక్షన్ నాటి అంకె దాన్ని దాటితే మాస్ట్ కణాలు నిజంగానే పేలాయని అర్థం. ట్రిప్టేజ్ పెరగకపోయినా అనాఫిలాక్సిస్ కాదని అనలేం. కానీ పెరిగితే ‘భయపడ్డాడు’ అన్న వాదన అక్కడితో ఆగిపోతుంది.

రాత్రి 7:30కి మళ్లీ ఒళ్లంతా దద్దుర్లు. బీపీ, ఊపిరి బాగున్నాయి, సెట్రిజిన్‌తో తగ్గాయి. ఇలా రెండోసారి తిరగబెట్టడం కొందరిలో ఉంటుంది, మొదటి అడ్రినలిన్ ఆలస్యమైనవారిలో, ఒకటి కంటే ఎక్కువ డోసులు పట్టినవారిలో ఎక్కువ. అందుకే ఒక్క డోస్‌తో వెంటనే కోలుకున్నవారినైనా కనీసం రెండు గంటలు, రెండు డోసులు పట్టినవారిని ఆరు గంటలు, ఇంత తీవ్రమైతే పన్నెండు గంటలకు తక్కువ కాకుండా ఉంచాలి. ఊరు దూరమై రాత్రిపూట బండి దొరకని పరిస్థితి ఉంటే తెల్లవారేదాకా పంపకూడదు.

డిశ్చార్జి కాగితం మీద ‘యాంటీబయాటిక్ అలెర్జీ, ఇంజెక్షన్లు వద్దు’ అని రాశారు. ప్రాణం నిలిపిన ఆసుపత్రే ఇలా రాసి పంపడం మామూలైపోయింది. ఏ మందు, ఎంతసేపటికి, ఏమైంది అన్న మూడూ ఆ వాక్యంలో లేవు. ఈయనకు మూడు నెలల్లో గజ్జ హెర్నియా ఆపరేషన్ ఉంది. ఆ కాగితం చూసిన సర్జన్ ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలి?

ఏ మందు చేసింది?

రియాక్షన్ అయిన వెంటనే మాస్ట్ కణాలు ఖాళీగా ఉంటాయి, చర్మ పరీక్ష తప్పుగా నెగెటివ్ రావచ్చు. అందుకే ఆరు వారాలు ఆగారు. ఈ లోపు ఫిజీషియన్ అటెనలాల్‌ను ఒక్కసారిగా కాకుండా తగ్గిస్తూ ఆపి ఆమ్లోడిపిన్‌కు మార్చారు. అలెర్జీ మాత్రలు వారం ముందే ఆపించారు.

పరీక్షల కంటే ముందు ప్రశ్నలే సగం పని చేశాయి. ఎనిమిది నెలల కిందట టైఫాయిడ్‌కు ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ తీసుకున్నారు. నాలుగో రోజు ఇంజెక్షన్ అయిన గంటకు ఒళ్లంతా దద్దుర్లు. ఇంట్లో ‘వేడి చేసింది’ అన్నారు, మజ్జిగ తాగించారు, మర్నాడు ఐదో ఇంజెక్షన్ వేయించుకున్నారు. ‘మందు పడలేదా?’ అని అడిగితే చాలామంది లేదనే అంటారు. ‘ఏ మందు వాడినప్పుడైనా దురద, దద్దు, వేడి చేయడం జరిగిందా?’ అని అడిగితేనే ఇలాంటివి బయటికొస్తాయి.

రెండో ప్రశ్న డైక్లోఫెనాక్ గురించి. రియాక్షన్‌కు 27 నిమిషాల ముందు అదీ పడింది, దాన్నీ అనుమానించాల్సిందే. కానీ డిశ్చార్జి అయిన మూడు వారాలకు నడుము నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ 50 మి.గ్రా. కొనుక్కుని రెండుసార్లు వేసుకున్నారు, ఏమీ కాలేదు. ఎవరూ వేసుకోమనని ఆ మాత్రే ఈ కేసులో డైక్లోఫెనాక్‌ను నిర్దోషిగా తేల్చింది. అలా అని ఇది అనుసరించదగ్గ పద్ధతి కాదు.

చర్మ పరీక్షకు సెఫ్ట్రియాక్సోన్ పలుచన ఇలా: 1 గ్రామును 10 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 100 మి.గ్రా. అందులో 1 మి.లీ. తీసి నార్మల్ సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే 10 మి.గ్రా. అందులో 2 మి.లీ. తీసి మళ్లీ 10 మి.లీ. చేస్తే 2 మి.గ్రా. ఈ గాఢత చర్మాన్ని దానంతట అది మండించదు. రియాక్షన్ తీవ్రమైంది కాబట్టి ఇంకా పదింతలు పలుచన, 0.2 మి.గ్రా.తో మొదలుపెట్టారు. ముందు గుచ్చు పరీక్ష: నెగెటివ్. తర్వాత చర్మంలో 0.02 మి.లీ. ఇరవై నిమిషాలకు 5 మి.మీ. ఉబ్బు 11 మి.మీ. అయింది, చుట్టూ ఎరుపు. పోలిక కోసం పక్కనే వేసిన సెలైన్ పెరగలేదు, హిస్టమిన్ ఉబ్బింది. 3 మి.మీ. పెరిగితేనే పాజిటివ్, ఇక్కడ 6 పెరిగింది. అక్కడితో ఆపేశారు.

మరి నర్సింగ్ హోములో టెస్ట్ డోస్ ఎందుకు నెగెటివ్ వచ్చింది? రాత్రి వేసుకున్న జలుబు మాత్రలోని క్లోర్‌ఫెనిరమిన్ చర్మాన్ని మూగబోయేలా చేసింది. పక్కన హిస్టమిన్ వేసి ఉంటే అదీ ఉబ్బేది కాదు, మోసం తెలిసిపోయేది. మామూలుగా చేసే టెస్ట్ డోస్‌లో ఆ పోలిక ఉండదు. పైగా ఇంజెక్షన్ కోసం కలిపిన 100 మి.గ్రా. ద్రావణాన్నే 0.1 మి.లీ. చర్మంలో వేస్తారు. అలెర్జీ లేనివాడికి కూడా ఆ మంటకు ఎర్రబడుతుంది, ఆయన జీవితాంతం ‘పడదు’ అన్న ముద్రతో తిరుగుతాడు. నిజంగా అలెర్జీ ఉన్నవాడికి ఆ చుక్కే అనాఫిలాక్సిస్ తేగలదు. ఏ చరిత్రా లేనివారందరికీ టెస్ట్ డోస్ వేయడం వల్ల రక్షణ రాదు, రక్షణ ఉందన్న ధీమా మాత్రం వస్తుంది. ఆ పదిహేను నిమిషాలు పాత మందుల చీటీలు చూడటానికి వాడితే ఎక్కువ ప్రయోజనం.

రియాక్షన్‌కు మందే కారణమా అని మార్కులతో తూచే నరాంజో స్కోరు లెక్కేస్తే 8 వచ్చింది, అంటే ‘చాలావరకు ఇదే’. ‘ఖచ్చితంగా ఇదే’ అనడానికి 9 కావాలి, అందుకు దాదాపుగా మందు మళ్లీ ఇచ్చి చూడాలి. ఇలాంటి రియాక్షన్ తర్వాత ఆ ఒక్క మార్కు కోసం ఎవరూ ఆ పని చేయకూడదు.

ఇక ఏది ఇవ్వవచ్చు

సెఫ్ట్రియాక్సోన్ సెఫలోస్పోరిన్ అనే యాంటీబయాటిక్‌ల వర్గంలోది. సెఫలోస్పోరిన్ అలెర్జీలో శరీరం ఎక్కువగా గుర్తుపట్టేది అణువుకు పక్కన వేలాడే గొలుసును. సెఫ్ట్రియాక్సోన్, సెఫోటాక్సిమ్, సెఫిపిమ్, సెఫ్‌పొడాక్సిమ్ గొలుసు ఒకటే. సెఫ్యురాక్సిమ్ దానికి చాలా దగ్గర. ఇవన్నీ ఈయనకు నిషిద్ధం. సెఫిక్సిమ్ గొలుసు కొంత వేరైనా పోలిక ఉంది, పరీక్ష లేకుండా వద్దు. సెఫాజోలిన్ గొలుసు వీటిలో దేనితోనూ కలవదు. అమాక్సిసిలిన్‌ది సెఫాడ్రాక్సిల్‌తో కలుస్తుంది, సెఫ్ట్రియాక్సోన్‌తో కలవదు. పెన్సిలిన్ పడనివారిలో పది శాతానికి సెఫలోస్పోరిన్లన్నీ పడవన్న పాత లెక్క ఇప్పుడు నిలబడదు. అసలు అంకె రెండు శాతం దగ్గర.

బెంజైల్ పెన్సిలిన్ మి.లీ.కి 10,000 యూనిట్లు, అమాక్సిసిలిన్ 20 మి.గ్రా., సెఫాజోలిన్ 20 మి.గ్రా. గాఢతలతో చర్మ పరీక్షలు నెగెటివ్. తర్వాత లైన్ పెట్టి, తొడ పక్కన అడ్రినలిన్ సిరంజి సిద్ధంగా ఉంచి, అమాక్సిసిలిన్ 50 మి.గ్రా. నోటి ద్వారా, గంట తర్వాత 500 మి.గ్రా., ఆపై రెండు గంటలు కనిపెట్టారు. ఏమీ కాలేదు.

ఈ దారి వెంటనే వచ్చే రియాక్షన్లకే. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, అల్లోప్యూరినాల్, సల్ఫా లాంటి వాటితో రోజులు, వారాల తర్వాత జ్వరంతో చర్మం బొబ్బలెక్కి, నోరు, కళ్లు పుండ్లు పడితే ఆ మందును పరీక్ష కోసం కూడా మళ్లీ ఇవ్వకూడదు.

జేబులో కార్డు

తెలుగులో, ఒక వైపే, పెద్ద అక్షరాల్లో. పైన: ‘సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వేసిన 2 నిమిషాలకు బీపీ పడిపోయింది, ఊపిరి ఆడలేదు. అడ్రినలిన్ డ్రిప్ పట్టింది.’ తేదీ. కింద నిషిద్ధ మందుల పేర్లు, వాటి పక్కన ‘సల్‌బాక్టమ్, టాజోబాక్టమ్ కలిసినవి కూడా’. ఎందుకంటే అదే మందు రకరకాల బ్రాండ్ పేర్లతో, జోడీలతో వస్తుంది, రోగి గుర్తుపట్టేది డబ్బా రంగునే. దాని కింద ‘వాడవచ్చు’: అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, పారాసెటమాల్, డైక్లోఫెనాక్. ఈ రెండో జాబితా లేని కార్డు సగం కార్డే. ఫొటో తీసి ఆయన ఫోన్లో, భార్య ఫోన్లో పెట్టించారు. మందుల షాపులో, పంటి డాక్టర్ దగ్గర ముందు అదే చూపించమన్నారు.

ఘటనను, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఫారంలో పంపారు. రోగులు కూడా 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పవచ్చు. ఫారంలో బ్యాచ్ నంబరు గడి ఖాళీ, వయల్ అప్పటికే చెత్తలో పడిపోయింది. రియాక్షన్ వచ్చిన రోజు వయల్‌ను, దాని డబ్బాను కవర్లో పెట్టి దాచాలి.

నర్సింగ్ హోములో ట్రే మారింది. పై అరలో అడ్రినలిన్ 6 ఆంపుల్స్, వాటికే టేపుతో అంటించిన 1 మి.లీ. సిరంజిలు, 23 గేజ్ సూదులు, గోడకు వయసువారీ మోతాదుల కాగితం. 18 గేజ్ క్యాన్యులాలు, 500 మి.లీ. నార్మల్ సెలైన్ నాలుగు, మైక్రోడ్రిప్ సెట్ రెండు, గ్లూకగాన్ ఒకటి. అవిల్, హైడ్రోకార్టిసోన్ కింది అరలోకి వెళ్లాయి. ఆంపుల్ గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే పారేయాలి. వెలుతురు తగలకుండా దాని డబ్బాలోనే ఉంచాలి. ప్రతి నెలా మొదటి సోమవారం గడువు తేదీలు చూసే పని ఆర్ఎల్ ఆపిన సిస్టర్‌కే ఇచ్చారు.

హెర్నియా ఆపరేషన్ అనుకున్న నెలలోనే జరిగింది. కోతకు అరగంట ముందు సెఫాజోలిన్: మొదట 200 మి.గ్రా., పదిహేను నిమిషాలు చూసి మిగతా 1.8 గ్రాములు. బీపీ కదలలేదు. సాయంత్రం కార్డులో ‘వాడవచ్చు’ కింద సెఫాజోలిన్ పేరు, పక్కన ఆ తేదీ చేర్చారు.